క్రిస్పినా బోణీ బేరం

క్రిస్పినాకు రెండు అంగళ్ళు ఉండేవి. ఒకటి రేవు పక్కన, ఎండుచేపల బజారులో, ఉప్పుగాలికి చిల్లులు పడిన రేకు కప్పు కింద ఉండేది. రెండవది భూమ్మీద ఎక్కడా లేదు. అయినా ప్రతి ఉదయం ఆరు గంటలకు క్రమం తప్పకుండా తెరుచుకొనేది. దాన్ని చూడదలచినవారు, అందరూ నోంగ్, అంటే అన్నా, అని పిలిచే అంబో కంప్యూటర్ల గదిలోకి వెళ్ళి, మూలనున్న యంత్రంలో ఒక పీసో నాణెం వేసి, తెర వెలిగేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు ఒక రాతికోట, ఆ కోట నడుమ ఒక పెద్ద చావడి, చావడి నిండా బల్లలు పరచుకొని కూర్చున్న వర్తకులు కనిపించేవారు. వారిలో మూరెడు గడ్డంతో, నీలి తలపాగాతో కూర్చున్న మరుగుజ్జు వర్తకుడే యాభైయొక్క ఏళ్ళ క్రిస్పినా.

"గడ్డం నీకు బాగా నప్పింది, ఇందాయ్" అనేవాడు అంబో, ఆమెను చెల్లెల్ని పిలిచినట్లు పిలిచి, నాణేల డబ్బా తాళం తీస్తూ. "మీ ఆయనకి ఎలాగూ మొలవలేదు."

"ఆయనకి మొలవనివి చాలా ఉన్నాయిలే నోంగ్. సిగ్గు, బుద్ధి. గడ్డం మూడోది."

ఏ లోకానికైనా ఒక ధర్మం ఉంటుంది. ఆ తెరలోపలి లోకానికీ ఉంది. అక్కడ వేటాడటం ఒక విద్య, వేటాడి తెచ్చినదాన్ని అమ్ముకోవడం మరొక విద్య. మృగాన్ని పడగొట్టినవాడికి కోరలో, చర్మమో, పొలుసులో, ఒక్కొక్కప్పుడు ఎవరిదో పాత కవచమో దొరుకుతుంది. దొరికినదంతా మోసుకురావడం కుదరదు. భుజం ఓర్చేంత బరువే మోయాలి. కుర్రకారు మెరుపు చూసి కవచాన్ని ఎత్తుకొనేవారు. ఆ కవచం బరువుకు రెండు వందల కోరలు వస్తాయనీ, ఆ కోరల వెల కవచానికి నాలుగింతలనీ వారికి చెప్పినది క్రిస్పినాయే. తడి చేపకు బరువు ఎక్కువ, ఎండు చేపకు వెల ఎక్కువ అని ముప్పై ఏళ్ళుగా తెలిసినది కనుక ఆ లెక్క ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

కోట వాకిట్లో ఆటను సృష్టించినవారు నిలబెట్టిన బొమ్మ ఒకటి ఉంది. అందరూ దాన్ని మూగ వర్తకుడు అనేవారు. ఏది తెచ్చినా కొంటాడు, కాదనడు. కాని తాను నూరు వెండికి అమ్మే వస్తువును ఇరవై అయిదుకే కొంటాడు; బతిమాలినా, తిట్టినా ఆ అంకె కదలదు. అతని ధర నేల వంటిది, అంతకంటె కిందికి ఏ వస్తువూ పడదు. చావడిలో మనిషి మనిషికి అమ్మే ధరకు మాత్రం అటువంటి కట్టు లేదు. వారాంతంలో కోటల యుద్ధం ఉంటే మూలికలు ప్రియమవుతాయి; యుద్ధం ముగిస్తే ఓడినవారి ఆయుధాలు చవకవుతాయి. మూగవాడి నేలకూ, చావడి ఆకాశానికీ నడుమనున్న ఆ ఖాళీలోనే క్రిస్పినా బ్రతుకు నడిచింది. తుపానులో పడవలు పోగొట్టుకొన్న బెస్తలు పగలంతా అంబో గదిలో కూర్చొని వేటాడేవారు. వారు తెచ్చినదాన్ని ఆమె అమ్మిపెట్టేది, ఇరవై పాళ్ళకు ఒక పాలు తాను తీసుకొనేది. ఆ పాలు ఎక్కువని ఎవరూ ఎప్పుడూ అనలేదు.

చావడి గోడకు ఒక ధరల పలక వేలాడుతుంది. ప్రతి తెల్లవారుజామునా ఆట కొద్దిసేపు ఆగి మళ్ళీ తెరుచుకొన్నప్పుడు ఆ పలక తుడిచిపెట్టినట్లు ఖాళీ అవుతుంది. ఆనాడు ఏ వస్తువు తొలిసారి ఎంతకు అమ్ముడుపోయిందో ఆ అంకె వచ్చి దానిమీద నిలుస్తుంది. అందరూ దాన్ని చూసే తమ బల్లలమీద ధర కట్టుకొంటారు. క్రిస్పినా కంటె ముందు బల్ల వేసేవారు ఆ చావడిలో లేరు.

ఆమె తమ్ముడు తెయోదోరో; ఊరికి దోరో, పెద్దవారు ముద్దుగా పిలిస్తే తోతో. ముప్పైనాలుగేళ్ళవాడు, మాటకు పొదుపైనవాడు. రెండేళ్ళ కిందటి తుపాను అతని పడవను రేవు మెట్ల మీద పెట్టి కొబ్బరికాయ కొట్టినట్లు కొట్టింది. నాటినుండి అతడు అంబో గదిలో రెండవ యంత్రం ముందు కూర్చొనేవాడు. ఒకనాటి మధ్యాహ్నం అతని చేతిలో వెండిదుప్పి పడింది. దానినుండి చంద్రకొమ్ము రాలింది. పదివేల దుప్పులను చంపితే ఒకదానికి ఉండే కొమ్ము అది. గదిలోనివారందరూ లేచి అతని వెనుక నిలబడి, దైవపీఠాన్ని చూసినట్లు మౌనంగా చూశారు. దాని వెల ఇరవై కోట్ల వెండి. నగరంలో వెండిని కొనేవాడు కోటికి మూడువేల పీసోలు ఇచ్చేవాడు. పడవలు కట్టే నోంగ్ ఇస్కో, ఇంజనుతో సహా వెదురు రెక్కల పడవకు అరవై వేలు అడిగాడు. ఇరవై కోట్లంటే ఒక పడవ, ఒక్క పీసో అటూ ఇటూ లేదు.

కాని కొమ్ము అమ్ముడుపోకముందే, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే మామ్ లవేనియా వచ్చింది.

ఆమె మెత్తని మనిషి. ఇంటింటికీ బిస్కోచో రొట్టెముక్కల పొట్లం పట్టుకొని వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, పటంలోని బాలయేసుకు వంగి దండంపెట్టి కూర్చొనేది. పొరుగుదేశంలో ఆఫీసు ఉద్యోగమనీ, భోజనం, వసతి, టికెట్టు అన్నీ కంపెనీవేననీ చెప్పింది.

"చదువెంతని అడగం తోతో. కంప్యూటర్ ముందు పన్నెండు గంటలు కూర్చోగలవా, అదొక్కటే. నువ్వు కూర్చుంటావని విన్నా."

"ఎవరు చెప్పారు మామ్?" అన్నాడు దోరో.

"మంచిపేరు దానంతటదే నడిచొస్తుంది" అని నవ్వి, కాగితంమీద అతని పేరు పక్కన గుర్తు పెట్టింది. ఆ కాగితంలో ఏడు పేర్లు ఉన్నాయి. శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి రేవు దగ్గర తెల్లబండి ఉంటుందని చెప్పింది.

ఆమె వెళ్ళాక చాలాసేపు గదిలో పరిమళం మిగిలింది. క్రిస్పినా కిటికీ తెరిచింది. ఎందుకో తెలియదు గాని, వలలో చేప లేకుండా నీళ్ళు బరువెక్కినప్పుడు బెస్తవాడికి చేతిలో తెలిసే భయం వంటిది ఆమెకు కలిగింది.

"వెళ్ళకు తోతో" అంది.

"ఉండి ఏం చెయ్యమంటావ్ అక్కా? మూగోడికి తోళ్ళమ్మి చావనా?"

"కొమ్ముంది కదా."

"గురువారం లోపల ఇరవైకి అమ్ము. బండి ఎక్కను, పడవెక్కుతా. అమ్మలేకపోతే ఆపకు."

"సరే" అంది క్రిస్పినా. ఆ రోజు సోమవారం.

అప్పటికి నెల రోజులుగా ఆమె అంగడికి ఒక తొలి బేరగాడు వస్తున్నాడు. ఆ లోకంలో అతని పేరు ఉలాన్. ముఖం కనబడకుండా బూడిదరంగు ముసుగు వేసుకొన్న బొమ్మ. ఆరు గంటలు కొట్టగానే, పలక ఖాళీగా ఉండగానే, చావడి ద్వారంనుండి తిన్నగా ఆమె బల్లకే నడిచి వచ్చేవాడు. మొదటి రోజున నీలి పొలుసులు పది అడిగాడు, సగం ధరకు. "నాంగ్, బోణీ" అని, అక్కను పిలిచే ఊరి పిలుపుతో రాశాడు.

బోణీ బేరాన్ని వెనక్కి పంపరాదు. తొలివాడు ఎంత తక్కువ అడిగినా, నష్టమైనా సరే, ఇచ్చి ఆ డబ్బుతో సరకును తాకించి కళ్ళకద్దుకోవాలి. బోణీని తిప్పి పంపితే ఆనాటికి దేవుడు కూడా గడప దాటిపోతాడని ఆమె తల్లి చెప్పేది. ముప్పై ఏళ్ళలో క్రిస్పినా ఒక్కనాడూ ఆ మాట తప్పలేదు. ఇచ్చింది. అప్పుడు ఆ ముసుగువాడు చిత్రమైన పని చేశాడు. తీసుకొన్న పది పొలుసులలో ఒకదాన్ని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. అది ఆ ఎండుచేపల బజారు ఆచారం. తొలుత కొన్నవాడు ఒక చేపను మళ్ళీ బుట్టలో వేసి "మిగతావాటికి తోడుండనీ" అంటాడు. పక్క ఊరి బజారులో ఆ పని చేస్తే పిచ్చివాడని నవ్వుతారు.

మన ఊరివాడెవడో అనుకొని ఆమె మురిసింది. "ఎవరి బిడ్డవి నాయనా?" అని అడిగింది. ముసుగువాడు జవాబివ్వలేదు. మరునాడు మళ్ళీ వచ్చాడు, ఈసారి కోరలకు. ఆ మరునాడు మూలికలకు. ప్రతిరోజూ ఒకటి తిరిగి ఇచ్చేవాడు, ప్రతిరోజూ ధర మరికొంచెం కిందికి అడిగేవాడు. ఆమె మురిపెం మొదటి వారంతోనే ఆగిపోయింది. 

మంగళవారం ఉదయం అంబో కుర్చీ లాక్కొని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇందాయ్, ఒక మాట అడుగుతా, కోప్పడకు. పొద్దున్నే సగానికి సగం ఎవడికి దోచిపెడుతున్నావ్?"

"దోచిపెట్టడమేంటి నోంగ్? బోణీకిచ్చా. నువ్వు కొట్టు తెరిచి మొదటోణ్ణి పొమ్మంటావా?"

"నా యంత్రం పీసో అయితేనే మింగుద్ది. అర్ధ పీసో వేస్తే ఉమ్మేస్తుంది. దానికి బోణీ తెలీదు, అందుకే నేనింకా అన్నం తింటున్నా." అతడు తెరమీది పలకను వేలితో పొడిచాడు. "ఇది చూడు. పొలుసు, నువ్విచ్చిన ధర. కోర, నువ్విచ్చిన ధర. నువ్వు దేవుడికిచ్చిన తగ్గింపు ఈ పలకమీద ఊరందరి ధరయి కూర్చుంటోంది. దాన్ని చూసి చావడిలో అందరూ ధర దించేస్తున్నారు. దించిన మరుక్షణం ఏమవుతోందో తెలుసా? అలా తలుపు వైపు చూడు."

ఆమె చూసింది. ద్వారంలోనుండి ముసుగు బొమ్మలు వస్తున్నాయి. ఒకటి కాదు, పన్నెండో పదమూడో. అన్నీ అదే బూడిదరంగు. ఒక్కటీ మాట్లాడదు. బల్ల నుండి బల్లకు జరుగుతూ, పడిపోయిన ధరకు ఉన్నదంతా ఊడ్చుకొని, వలతాడు బిగించినట్లు చావడిని చుట్టి వెళ్ళిపోతున్నాయి. సాయంత్రానికి అవే సరకులు వేరే కోటలో రెట్టింపుకు అమ్ముడుపోతాయని అంబో చెప్పాడు.

"వాడెవడో నీ గుట్టు తెలిసినోడు ఇందాయ్. వెయ్యిమంది వర్తకుల్లో బోణీకి లొంగే మనిషి నువ్వొక్కదానివే. నిన్నే పట్టుకున్నాడు."

గదిలో వేటాడుతున్న ముగ్గురు బెస్తలు వెనక్కి తిరిగి చూశారు. వెంటనే మళ్ళీ తమ తెరలవైపు తిరిగారు. తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. కొమ్మును కొంటామని మొన్నటిదాకా తిరిగిన కోటనాయకులు ఇద్దరూ అన్ని ధరలూ పడుతున్నాయి కనుక ఆగి చూస్తామని కబురు పెట్టారు. ఒకడు పద్నాలుగు కోట్లు అన్నాడు. మరునాడు పదకొండు అన్నాడు.

బజారులో ఆమె పక్క బల్ల నాంగ్ సెబియాది. ఆమె కొడుకు గెర్సన్ ఎనిమిది నెలల కిందట మామ్ లవేనియా బండిలో వెళ్ళాడు. బుధవారం సెబియా చేతులు తుడుచుకొని ఫోను చూపించింది.

"చూడు, మావాడు ఎంత తెల్లబడ్డాడో. ఏసీలో ఉంటే అంతే. మీ దోరో కూడా నెలకల్లా ఇలా అయిపోతాడు."

మూడు నెలల్లో వచ్చిన మూడు ఫోటోలు. మూడింటిలోనూ అదే చొక్కా, అదే నవ్వు. గెర్సన్ వెనుక గోడమీదనున్న క్యాలెండరు మూడింటిలోనూ ఒకే నెలను చూపిస్తోంది. క్రిస్పినా ఆ సంగతి గమనించింది. సెబియా ముఖం చూసి, అది వదిలి మరొకటి అడిగింది.

"మాట్లాడతాడా?"

"ప్రతి ఆదివారం. బాగున్నానమ్మా, అన్నం బాగుంది, పని తేలిక, అంటాడు."

"ఇంకా?"

"ఇంకేం కావాలి? బాగున్నానమ్మా, అన్నం బాగుంది, పని తేలిక" అని సెబియా సంకీర్తనలా మళ్ళీ చెప్పింది.

గురువారం ఉదయం అంబో గదిలో అక్కాతమ్ముళ్ళిద్దరే ఉన్నారు. దోరో ఆమె కుర్చీ వెనుక నిలబడ్డాడు. బల్లమీద చంద్రకొమ్ము ఒక్కటే పెట్టి, పైన ఇరవై కోట్లని రాసింది క్రిస్పినా. పలక ఖాళీ అయింది. ఆరు కొట్టింది. ముసుగు బొమ్మ ద్వారంలో కనబడింది.

"నాంగ్, బోణీ. కొమ్ము. మూడు కోట్లు."

ఆమె వేళ్ళు మీటలమీద ఆగాయి. వెనుక తమ్ముడి ఊపిరి వినబడుతోంది. మూడు కోట్లంటే పడవ కాదు, పడవకు చుక్కాని కూడా రాదు. ఆ అంకె పలకమీద పడితే కొమ్మును ఇక ఎవరూ పదికి కూడా కొనరు. తల్లి మాట, ముప్పై ఏళ్ళ ఉదయాలు ఆమెకు అడ్డుపడ్డాయి. అయినా రాసింది.

"ఇవాళ బోణీ లేదు. వెళ్ళు."

ముసుగు బొమ్మ వెళ్ళలేదు.  తరువాత ఊరి మాటలో, వెనుకనుండి ఎవరో తరుముతున్నట్లు, అక్షరాలు తప్పుతూ రాసింది.

"అలా అనకు నాంగ్. ఇచ్చెయ్. తొలి ధర దించకపోతే ఇవాళ నాకు అన్నం లేదు. నిన్న పక్కోడు దించలేదు. వాణ్ణి కింది గదికి తీసుకెళ్ళారు."

"నువ్వెవరి బిడ్డవి?"

"మీ పక్క బల్ల."

ఆమెకు వెంటనే అర్థంకాలేదు. దోరోకు అర్థమైంది. అతడు కుర్చీ వీపును గట్టిగా పట్టుకొన్నాడు.

"ఎవడో మోసగాడై ఉంటాడక్కా. వాళ్ళమ్మ చేపల మూట దేంతో కడుతుందో అడుగు."

"నా బడి బెల్టుతో" అని జవాబు వచ్చింది. "బకిల్ ఊడిపోయింది, ముడేస్తది."

క్రిస్పినా శిలువ గుర్తు వేసుకొంది. "నా దగ్గరికే ఎందుకొచ్చావ్ గెర్సన్?"

"నువ్వు తిప్పి పంపవని."

ఆ తరువాతి మాట మారింది. "కాపలావాడొస్తున్నాడు. బేరమాడు నాంగ్, గట్టిగా. ఆపొద్దు."

ఆమె బేరమాడింది. రాసింది వేళ్ళతోనైనా నోరు మాత్రం బజారు నోరే.

"పద్దెనిమిది. ఒక్కటీ తగ్గదు."

"మూడు."

"మూడుకి చేపతలకాయ కూడా రాదు. సిగ్గులేని బేరం. పదిహేడు."

"మూడున్నర. పాత కొమ్ము."

"కొమ్ము పాతదైతే నీ ముసుగు కొత్తదా? పదహారు."

"పోయాడు" అని వచ్చింది.

"ఎక్కడున్నావ్ నాయనా?"

"తెలీదు. పక్కన నదుంది. గోడ. పైన గాజుపెంకులు. పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరే. మన వైపోళ్ళం పదకొండుమందిమి. కొందరం ఇలా ధరలు విరుస్తాం, కొందరు ఫోన్లలో ముసలోళ్ళకి ప్రేమ మాటలు రాస్తారు."

"రేపు దోరో వస్తున్నాడు అక్కడికి. లవేనియా బండిలో."

 చావడిలో మిగిలిన వర్తకులు బల్లలు పరచుకొంటున్నారు. ఒకడు ఎవరితోనో పరిహాసమాడుతున్నాడు. ముసుగు బొమ్మ కదలకుండా నిలిచి ఉంది.

"ఎక్కనివ్వకు నాంగ్."

మళ్ళీ: "దోరో పేరు చెప్పింది నేనే. ఆట బాగా వచ్చినోళ్ళ పేర్లు ఏడు చెప్పమన్నారు. మూడు రోజులు చెప్పలేదు. నాలుగో రోజు చెప్పా."

దోరో చదివాడు. మంచిపేరు దానంతటదే నడిచి రాలేదని అతనికి అప్పుడు తెలిసింది.  క్రిస్పినా తల తిప్పి చూసే ధైర్యం చేయలేదు. అతడు ఆ బొమ్మను తిడతాడనుకొంది, తెరను గుద్దుతాడనుకొంది. బయట రేవులో ఎవరిదో ఇంజను అందుకొని, దగ్గి, మళ్ళీ అందుకొంది. ఆ శబ్దం దూరమయ్యేదాకా అతడు విన్నాడు.

"అమ్మెయ్ అక్కా."

"ఎంతకి?"

"వాడడిగిందానికే."

"పడవ తోతో?"

"పడవ గురించి నన్నడక్కు. లేకపోతే వాడికి ఇవాళ అన్నం లేదు. అమ్మెయ్."

ఆమె అమ్మింది. చంద్రకొమ్ము, మూడు కోట్లు అని పలకమీద పడింది. చావడిలో ఒక్క క్షణం అందరూ ఆగి చూసినట్లు ఆమెకు తోచింది. ముసుగు బొమ్మ కొమ్మును తీసుకొని, ఏదో రాయబోయి, సగం మాటలోనే మాయమైంది. దాని స్థానంలోకి అప్పుడే పన్నెండు ముసుగులు నడిచి వస్తున్నాయి.

ఆ పగలంతా అక్కాతమ్ముళ్ళిద్దరూ కాగితంలోని మిగిలిన ఆరు ఇళ్ళకూ తిరిగారు. ఇద్దరు నమ్మారు, వారిలో ఒకడి తల్లి సర్దిన సంచిని అక్కడికక్కడే విప్పి బట్టలు దండెంమీద వేసింది. మిగతావారు నవ్వారు. "నాంగ్, ఆటలో ఎవడో ముసుగోడు రాసిన మాటకి కంపెనీ ముందుగా ఇచ్చే రెండు నెలల జీతం వదులుకోమంటావా? మీ తమ్ముడికి గుండె జారిందని చెప్పు, ఒప్పుకుంటా" అన్నాడొకడు. ఊరి పెద్ద చల్లని నీళ్ళు ఇప్పించి, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయన్నాడు. మామ్ లవేనియా తన కూతురికి జ్ఞానస్నాన తల్లి అని కూడా చెప్పాడు. పట్టణంలోని పోలీసు ఠాణాలో వారి మాట రాసుకొన్నారు; శుక్రవారం మధ్యాహ్నం పెద్దాయన వస్తాడు, అప్పుడు రమ్మన్నారు. బండి శుక్రవారం ఉదయానిది.

సెబియా దగ్గరికి చివర వెళ్ళారు. ఆమె చేపలను మూట కడుతోంది.

"నాంగ్ సెబియా, గెర్సన్‌తో మాట్లాడాను."

"నాతో కూడా మాట్లాడాడు, ఆదివారం."

"బాగాలేడు నాంగ్. అన్నం పెట్టడం లేదు. నీ బెల్టు సంగతి చెప్పాడు."

సెబియా చేతులు ఆగాయి. మరుక్షణం ముడిని మళ్ళీ లాగి బిగించింది. "నా బెల్టు ఊరందరికీ తెలుసు. మీ కొమ్ము మునిగింది, మీవాడు భయపడి ఆగాడు. ఆగితే ఆగాడు, నేనేం అనలేదుగా. నా కొడుకు నోట్లో మాటలు పెట్టకు క్రిస్పా."

"నేనెందుకు పెడతాను?"

"నా దగ్గర ఫోటోలున్నాయి" అంది సెబియా. ఫోను తీసి చూపించింది. "నవ్వుతున్నాడు."

శుక్రవారం ఎనిమిదింటికి తెల్లబండి రేవు మలుపులో నిలబడి ఉంది. ఎండ అప్పటికే కంటిని పొడుస్తోంది. నలుగురు సంచులతో ఎక్కి కూర్చొన్నారు. దోరో ఉత్తచేతులతో వచ్చాడు. అక్క రావద్దన్నా వచ్చాడు. మామ్ లవేనియా తన కాగితాన్ని చూసుకొంటూ అతని దగ్గరికి నడిచింది.

"బ్యాగేది తోతో?"

"రావట్లేదు మామ్."

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని క్రిస్పినాకు అనిపించింది. "అలాగా. నిన్న ఇంకో ఇద్దరు కూడా అలాగే అన్నారు" అంది లవేనియా మృదువుగా. "ఎవరేం చెప్పారు?"

దోరో రేవు వైపు చూశాడు. గాజుపెంకుల గోడ లోపల ఆ ప్రశ్నకు ఎవరు బదులు చెప్పవలసివస్తుందో అతనికి తెలుసు.

"ఎవరూ ఏం చెప్పలేదు. నోంగ్ ఇస్కో దగ్గర కూలికి కుదిరా. రోజూ డబ్బు."

"కూలికా? మంచిదే. చేతులు పాడవుతాయి, అంతే" అని ఆమె అతని అరచేతిని తీసుకొని తిప్పి చూసి, తట్టి విడిచింది. "పండగయ్యాక ఇంకో బండి వస్తుంది. నీ సీటు ఎవరికీ ఇవ్వను." తరువాత క్రిస్పినా వైపు తిరిగింది. "నువ్వు పొద్దున్నే అంగడి తెరుస్తావట కదా నాంగ్. ఆరింటికి. చాలా మంచి అలవాటు."

ఆ ఆరింటి సంగతి లవేనియా వరకు ఎక్కడినుండి వచ్చిందో క్రిస్పినాకు అర్థమైంది. ఆమె బండి కిటికీ దగ్గరికి వెళ్ళి, లోపలి నలుగురికీ చివరిసారి ఏదో చెప్పబోయింది. వారిలో పెద్దవాడు చెవుల్లో పాటలు పెట్టుకొని కళ్ళు మూసుకొన్నాడు. చిన్నవాడు ఆమె వైపు చూసి, మర్యాదకు చిరునవ్వు నవ్వి, కిటికీ అద్దం పైకి జరిపాడు. మామ్ లవేనియా ముందు సీట్లో ఎక్కి కూర్చొంది, ఇంజను మోగింది.

అప్పుడు బజారు వైపునుండి సెబియా పరుగెత్తుకొంటూ వచ్చింది. ఆమె అడ్డుపడటానికే వస్తోందనుకొని క్రిస్పినా రెండడుగులు ఎదురువెళ్ళింది. సెబియా ఆమెను చూడనట్లే దాటిపోయింది. ఆమె చేతిలో పాత వార్తాపత్రికలో చుట్టిన ఎండుచేపల పొట్లం ఉంది. బండి ముందు తలుపు దగ్గర ఆగి, ఆయాసపడుతూ పొట్లాన్ని లోపలికి చాచింది.

"గెర్సన్‌కి మామ్. మీరెలాగూ అక్కడికే కదా వెళ్ళేది."

మామ్ లవేనియా ఆ పొట్లాన్ని రెండు చేతులతో అందుకొని, ఒళ్ళో జాగ్రత్తగా పెట్టుకొని, తలుపు వేసుకొంది.